బావమరిది బిగించిన టైర్లు

పుట్టింటిని వెనకేసుకురాని ఆడది ఎక్కడైనా ఉంటుందా? ఒకామె అన్నను వెనకేసుకొస్తుంది, ఇంకొకామె తల్లి అన్న మాటను వెనకేసుకొస్తుంది. కవర్లక్క రెండు టైర్లను వెనకేసుకొచ్చింది. చెప్తే నవ్వొస్తుంది గానీ, ఆ ఇంట్లో ఇప్పుడు నవ్వేవాళ్లు లేరు.

కవర్లక్క అన్నది ఆమె అసలు పేరేమీ కాదు. పడవలకి ఎండా వానా తగలకుండా కప్పే కాన్వాసు కవర్లు కుడుతుంది కాబట్టి పడవల యార్డులో ఆ పేరు పడిపోయింది. ఆమెకంటే పదేళ్లు పెద్దవాడైన యార్డు వాచ్‌మన్ కూడా అక్కా అనే పిలిచేవాడు. మొదట్లో ఒళ్లు మండేది, తర్వాత అలవాటైపోయింది. ముందు గదిలో కిటికీ పక్కన నల్లటి పెద్ద మిషను, దాని చుట్టూ నీలం, ఆకుపచ్చ కాన్వాసు చుట్టలు. ఆమె మిషను తొక్కితే వంటింట్లో అరమీది గిన్నెలు గలగలమనేవి. మైనం రాసిన దారం లాగీ లాగీ కుడిచేతి చూపుడువేలు కొస మొద్దుబారిపోయింది. వేడి గిన్నె పట్టుకున్నా ఆ వేలికి తెలిసేది కాదు.

మొగుడు అదే యార్డులో వడ్రంగి మేస్త్రి. మనిషి మంచివాడే. తాగడు, తిరగడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు. నోరే కాస్త దురుసు. ఆ దురుసంతా ఆమె పుట్టింటి మీదికే పోయేది. పుట్టిల్లంటే ఇప్పుడు మిగిలింది ఒక్క తమ్ముడు. బస్టాండు వెనక టైర్ల దుకాణం వాడిది. వీళ్లు కొత్తగా ఇల్లు కట్టుకున్నప్పుడు వాడు ముచ్చటపడి ఇన్వర్టరు బ్యాటరీ తెచ్చి బిగించాడు. నెల తిరక్కుండా అది చచ్చి ఊరుకుంది. విప్పి చూస్తే మెరిసే స్టిక్కరు కింద ఇంకో పాత స్టిక్కరు! నన్నూ ఎవడో ముంచాడు బావా అన్నాడు తమ్ముడు. అక్క నమ్మింది. మేస్త్రి నమ్మలేదు.

అది మొదలు ఇంట్లో ఏ వస్తువు పాడైనా ఆయన నోట ఒకటే మాట. బకెట్టు చెవి ఊడితే, ఇది మీ పుట్టింటి సరుకేనా అని అడిగేవాడు. గొడుగు పుల్ల విరిగినా అదే ప్రశ్న. ఆఖరికి గాలివానకి కరెంటు పోయినా, ఇవాళ కరెంటు మీవాళ్లు పంపించి ఉంటారు అనేవాడు. నలుగురిలో ఆమె కూడా నవ్వేసేది. లోపలికెళ్లి గిన్నెల మీద చూపించేది కోపమంతా. ఏళ్ల తరబడి ఒకే చోట పొడిస్తే ఎవరికైనా పుండు పడకుండా ఉంటుందా?

మేస్త్రికి ఒకటే పిచ్చి, సొంత పడవ. ఊరందరి పడవలూ బాగుచేశాడు గానీ తనకంటూ ఒక్క చెక్క నీళ్లమీద లేదు. పెరట్లో రేకుల షెడ్డు వేసి, యార్డు నుంచి వచ్చాక రోజూ కాసేపు, సెలవు రోజున పూటంతా, ఒక్కో పలకే వంచి బిగిస్తూ పోయాడు. పిల్లలు లేని ఇంట్లో ఆ పడవే పిల్లలా పెరిగింది. కూర్చోడానికి మెత్తలూ, పైన ఎండకి పందిరిలా కట్టే కాన్వాసూ ఆమే కుట్టింది. సగం పూట ప్రయాణం దూరంలో పెద్ద చెరువుంది. చెరువు అంటారు గానీ అవతలి ఒడ్డు కనపడదు. ఆ నీళ్లలో లంకలున్నాయి, లంకలకి మనుషులు రోజూ వస్తూ పోతూ ఉంటారు. పడవ అక్కడికి చేరిస్తే ఇక ఒకడి కింద పని చెయ్యనక్కర్లేదని ఆయన లెక్క. ఆ లెక్కతోనే యార్డులో పని మానేస్తున్నట్టు చెప్పేశాడు కూడా. వెళ్లాక మళ్లీ చోటుండదని ఓనరు మొహం మీదే అన్నాడు. ఉండనక్కర్లేదులెండి అని ఈయన నవ్వుతూ వచ్చేశాడు.

ఇక మిగిలింది ఆ పడవని రోడ్డు మీద మోసుకెళ్లే ట్రైలరు. యార్డు మూలన తుప్పు పట్టి పడున్నదాన్ని తెచ్చి, గీకి, అతికించి, రంగేశాడు. ఇరుసు కొత్తది వేయించాడు. రెండు చక్రాల బండి అది. పాత టైర్లు ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. కొత్తవి కావాలి.

అదిగో అక్కడ మొదలైంది చిక్కు.

పడవ విషయంలో మేస్త్రి చాదస్తం ఇంతా అంతా కాదు. ఒక్క మేకు కొనాలన్నా మూడు కొట్లు తిరిగే మనిషి, టైర్ల కోసం యార్డులో అందరి బుర్రలూ తిన్నాడు. తెలుసుకున్నదంతా భోజనాల దగ్గర పెళ్లానికి అప్పజెప్పేవాడు. కారు టైరు వేస్తే దాని పక్కలు మెత్తగా ఉండి బండి వెనక ట్రైలరు ఊగులాడుతుందట. ట్రైలరు కోసం చేసినవి వేరే ఉంటాయట, వాటి పక్కలు గట్టిగా ఉంటాయట. ఒక్కో టైరు ఎంత బరువు మోస్తుందో దాని మీదే రాసి ఉంటుందట. పడవ, మోటారు, ట్రైలరు అన్నీ కలిపి చూసుకుని, ఇంకాస్త మిగులు ఉండేలా కొనాలట. అన్నిటికంటే ముఖ్యం వయసు.

"కారు టైరు తిరిగి తిరిగి అరుగుతుంది. పడవ ట్రైలరు టైరు ఉన్నచోటే నిలబడి చస్తుంది. ఏడాదికి రెండుసార్లు కదిలే బండి, గ్రిప్పెక్కడ అరుగుతుంది? చూస్తే కొత్తదిలాగే ఉంటుంది, లోపల రబ్బరు చచ్చిపోయుంటుంది," అంటూ తడి వేలితో బల్ల మీద నాలుగంకెలు వేసి చూపించాడు. మొదటి రెండూ అది తయారైన వారం, తర్వాతి రెండూ ఏడాది. టైరుకి ఒక పక్కనే ఉంటాయట ఆ అంకెలు. అవి చూడకుండా కొనేవాడంత తెలివితక్కువవాడు లేడన్నాడు. ఆమె అన్నం కలుపుకుంటూ ఊఁ కొట్టింది.

ఇంత చెప్పి, టౌన్లో పెద్ద టైర్ల షోరూముందట, పొద్దున్నే వెళ్లొస్తాను అన్నాడు. ఆమె చెయ్యి ముద్దలోనే ఆగిపోయింది. తోడబుట్టినవాడు అదే వ్యాపారం పెట్టుకుని కళ్ల ముందు కూర్చుంటే, వాడి దుకాణం దాటుకుంటూ వెళ్లి పరాయివాడి దగ్గర కొంటారా? ఎప్పుడూ ఎత్తని గొంతు ఎత్తింది. బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి బకెట్టు, గొడుగు, కరెంటు దాకా అన్నీ ఏకరువు పెట్టింది. మీ పడవకి కవర్లు కుట్టడానికి నేను పనికొచ్చాను, రెండు టైర్లివ్వడానికి నా తమ్ముడు పనికిరాడా అని కళ్లనీళ్లు పెట్టుకుంది. మేస్త్రి కంగారుపడ్డాడు. వాదించడం తెలుసు గానీ పెళ్లాం ఏడిస్తే ఏం చెయ్యాలో ఆయనకి తెలీదు.

"సరే, వాడి దగ్గరే కొందాం. వాడి మీద నమ్మకంతో కాదు, నీ మీద నమ్మకంతో. ఆ టైర్ల సంగతి నువ్వే చూసుకో," అన్నాడు.

ఇన్నేళ్ల కాపురంలో పుట్టింటి తరఫున ఆమె గెలిచింది ఆ ఒక్కసారే. మర్నాడు తమ్ముడి దుకాణానికి ఎంత ఠీవిగా నడిచి వెళ్లిందో చూడాల్సింది. మీ బావ అడిగి మరీ నీ దగ్గరికే పంపించాడురా అని చెప్పింది. లేనిదే చెప్పింది, తమ్ముడి మొహం వెలిగితే చూద్దామని. వాడి మొహం వెలిగింది కూడా.

తమ్ముడు తనే ఆటోలో వేసుకొచ్చి బిగించాడు. బండికి రెండు, అదనంగా స్టెప్నీ ఒకటి. నల్లగా నిగనిగలాడుతున్నాయి. కొత్త టైరు మీద నూగులా ఉండే సన్నని రబ్బరు ముళ్లు కూడా రాలలేదు. మేస్త్రి చుట్టూ తిరిగి చూశాడు. ట్రైలరుకని చేసినవే. రాసున్న బరువూ సరిపోయింది. బొటనవేలితో నొక్కాడు, గట్టిగా ఉంది. తేదీ అంకెలేవి అన్నాడు. అవి లోపలివైపుకి వచ్చాయి బావా, వాల్వు బయటికి రావాలంటే అలాగే బిగించాలి మరి అన్నాడు తమ్ముడు. మేస్త్రి అంతటితో వదిలే రకమా? లుంగీ ఎగ్గట్టి ట్రైలరు కిందికి దూరబోయాడు.

అప్పుడు కవర్లక్కే ఆపింది. కాఫీ గ్లాసులు పట్టుకుని వస్తూ, "ఇక చాలు లేవండీ. సొంత బావమరిదిని దొంగని చూసినట్టు చూస్తారేంటి?" అంది. ఆయన ఒక్క క్షణం తటపటాయించి లేచి నిలబడ్డాడు. మోకాళ్ల మట్టి దులుపుకుని కాఫీ అందుకున్నాడు. ఏ ఊళ్లోనైనా సరే, కొన్న సరుకు తిరగేసి చూస్తే అమ్మినవాడికి కోపం రాదు. చుట్టాల దగ్గర మాత్రం తిరగేసి చూడటమే తప్పు! ఎవరు పెట్టారో గానీ ఈ మర్యాద, కొంపలు ముంచడానికే పెట్టారు.

పడవకి కవరు కుట్టాక, చక్రాలకి కూడా ఎండ తగలకుండా చిన్న కవర్లు కుట్టమని మేస్త్రి అడిగాడు. ఎండకి రబ్బరు బిరుసెక్కుతుందని ఆయన భయం. నీలం కాన్వాసులో మిగిలిన ముక్కలు గుండ్రంగా కత్తిరించింది. స్టెప్నీ ఇంకా ట్రైలరుకి బిగించలేదు, వరండాలో గోడకి ఆనించి ఉంది. కొలత కోసం దాన్ని ముందు గదిలోకి దొర్లించుకొచ్చి పడుకోబెట్టి, టేపు చుట్టబోతే వేలి కింద ఏవో అక్షరాలు గరుకుగా తగిలాయి. చూపుడువేలికి తెలీలేదు గానీ ఉంగరం వేలికి తెలిసింది. వంగి చూసింది. నాలుగంకెలు.

మొగుడు బల్ల మీద వేసి చూపించిన లెక్క గుర్తుకొచ్చింది. వారం వదిలేసి ఏడాది చూసింది. ఎనిమిదేళ్ల కిందటిది ఆ టైరు.

ఇదొక్కటే పాతదేమో, బండికున్నవి కొత్తవేమో అని మనసుకి సర్దిచెప్పుకుంది. మేస్త్రి ఇంట్లో లేడు. షెడ్డులోకెళ్లి, ఆయన దూరబోతే తను ఆపిన చోటే తను దూరింది. వెల్లకిలా పడుకుని టార్చి వేసి చూసింది. ఒకటి అదే ఏడాది, ఒకటి ఇంకా ముందుది. లోపలి పక్క, గ్రిప్పుకీ రిమ్ముకీ మధ్య, వెంట్రుకలంత సన్నని పగుళ్లు. బయటి పక్కకి నల్లరంగు పూసి తుడిచాడు, లోపలి పక్కకి పూయలేదు. వాడు తెలిసే బిగించాడు.

కత్తిరించిన ముక్కలు అలాగే వదిలేసి దుకాణానికి పరుగెత్తింది. తమ్ముడు మొదట బుకాయించాడు. తర్వాత, ఒక్క తిప్పు కూడా తిరగని సరుకక్కా, ఎవడో ఆర్డరిచ్చి తీసుకెళ్లలేదు, వెనక గదిలో నీడలోనే ఉంది, ఏం కాదు అన్నాడు. ఆ సైజు ఈ ఊళ్లో ఇంకెవడికి కావాలి, నీ ద్వారా కాకపోతే ఇక ఎప్పటికీ పోవు అన్నాడు. అనకూడని మాట అనేశానని వాడికి అర్థమయ్యేలోపే ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. మీ బావకి చెప్తాను అంది.

వాడు చేతిలోని పానా పక్కన పెట్టాడు. "చెప్పుకో. ఇన్నాళ్లూ నన్ను దొంగ అనడానికి సందు కోసం చూస్తున్నాడు, ఇచ్చెయ్. ఆయన నన్నంటాడు, నేను పడతాను. తర్వాత జీవితాంతం వినాల్సింది మాత్రం నువ్వే అక్కా."

నిజమే అన్నాడు, పాపిష్టివాడు. బ్యాటరీకే ఇన్నేళ్లు వింది. ఈ టైర్లకి ఎన్నేళ్లు వినాలి? అందులోనూ తనే ఏడ్చి, తనే పంతం పట్టి కొనిపించింది. ఆమె మొహం చూసి తమ్ముడు మెత్తబడ్డాడు. కొత్తవి తెప్పిస్తాను, బావ ఇంట్లో లేని పూట చూసి మార్చేస్తాను, మూడో కంటికి తెలీదు అని మాటిచ్చాడు. ఆమెకి కావలసింది కూడా అదే. మూడో కంటికి తెలియకుండా తేలిపోవాలి, మొగుడి ముందు పుట్టిల్లు తలెత్తుకునే ఉండాలి.

ఇంటికొచ్చి కవర్లు కుట్టేసింది. స్టెప్నీని కవర్లో పెట్టి అంచు తాడు బిగించి ట్రైలరుకి కట్టేసింది. సాయంత్రం మేస్త్రి చూసి, భలే కుదిరిందే, నీ చెయ్యి పడితే టైరుకి కూడా అందమొచ్చింది అన్నాడు. ఎప్పుడో గానీ మెచ్చుకోని మనిషి. నిజం చెప్పేద్దామనుకుంది, చెప్పకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇక తమ్ముడి కోసం ఎదురుచూపులు. రేపు వస్తాయంటాడు, లారీ రాలేదంటాడు, వేరే సైజు పంపారంటాడు. ఫోను చేసి చేసి ఆమెకి విసుగొచ్చింది, ఎత్తి ఎత్తి వాడికీ విసుగొచ్చింది. అటు మేస్త్రి చెరువు ఒడ్డున పడవకి చోటు మాట్లాడేసుకున్నాడు, యార్డు డ్రైవరు దగ్గర జీపు అడిగేసుకున్నాడు. బయల్దేరే రోజు దగ్గరపడ్డాక తమ్ముడు అసలు మాట బయటపెట్టాడు. ఇప్పుడు చేతిలో డబ్బు ఆడటం లేదక్కా, ఒక్క ప్రయాణమే కదా, మెల్లగా తోలమను, నీళ్లు చేరాక తీరిగ్గా మారుద్దాం అన్నాడు. ఆమె ఫోను పెట్టేసి మిషను ముందు కూర్చుంది.

బయల్దేరే పొద్దున ఎండగా ఉంది, ఇంకో రోజు వెళ్దాం అంది. ఎండలేని రోజు కోసం చూస్తే ముసలివాళ్లమయ్యాకే వెళ్తాం అని ఆయన నవ్వాడు. మెల్లగా తోలండి అంది. ఇంకా మెల్లగా అంటే దిగి నెట్టుకుంటూ వెళ్లాలి అన్నాడు. ఆరోజు ఆయన ఏం మాట్లాడినా నవ్వే. కొత్త చొక్కా వేసుకున్నాడు. ప్రతి మలుపులో అద్దంలోంచి వెనక పడవని చూసుకుంటున్నాడు.

దారిలో ఒక టీ కొట్టు దగ్గర ఆపాడు. ఆమె దిగి గబగబా వెనక్కెళ్లి టైరు మీద అరచెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి వెంటనే తీసేసింది, అంత కాలిపోతోంది. ఇప్పుడు చెప్పెయ్యాలి. ఇక్కడే ఆపేసి, ఏదైనా ఊరి నుంచి కొత్తవి తెప్పించుకోవచ్చు. ఓ పూట ఆలస్యమవుతుంది, నాలుగు తిట్లు పడతాయి, అంతే కదా. గట్టిగా అనుకునే ఆయన దగ్గరికి నడిచింది. ఆయన టీ కొట్టతనికి పడవని చూపిస్తున్నాడు. ఈ పలకలు నేనే వంచాను, ఆ పందిరి మా ఆవిడ కుట్టింది అంటున్నాడు. చూడబ్బాయ్, ఈ టైర్లు కూడా మా బావమరిది ఇచ్చినవే, ఊరికే ఏదో అంటుంటాను గానీ మంచి సరుకే ఇచ్చాడు అంటున్నాడు. ఆ మాట వినడానికి ఇన్నేళ్లు ఎదురుచూసిన మనిషి ఆమె. టీ గ్లాసు అందుకుని తాగేసింది. ఎక్కి కూర్చుంది.

చెరువు ఇంకాస్త దూరం ఉందనగా ఎడమ టైరు పేలింది.

మేస్త్రి స్టీరింగు ఎంత పట్టినా వెనక ట్రైలరు అటూ ఇటూ కొట్టేసింది. కట్టిన పట్టీలు పటపటా తెగాయి. పడవ పక్కకి జారి, కల్వర్టు పక్కనున్న సిమెంటు దిమ్మకి అడ్డంగా కొట్టుకుంది. మనుషులకి ఏం కాలేదు. పడవకి మాత్రం వెన్నెముక లాంటి అడుగు దూలం నిలువునా చీలిపోయింది, ఒక పక్క పలకలన్నీ విరిగి బయటికి పొడుచుకొచ్చాయి. మేస్త్రి దిగి దాని దగ్గరికెళ్లి, విరిగిన పలకని మళ్లీ లోపలికి నొక్కి చూశాడు. అది కూర్చోదని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా రెండుసార్లు నొక్కాడు. తర్వాత రోడ్డు మీదే చతికిలబడ్డాడు.

కబురందుకుని ముందుగా వచ్చినవాడు తమ్ముడే. క్రేను మాట్లాడుకుని, నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఏమాటకామాట, వాడు ఆ రోజు ఒళ్లు దాచుకోలేదు. విరిగిన పడవని తాళ్లు వేసి తనే ఎత్తించాడు. అక్కడ చేరినవాళ్లు టైరెలా పేలిందయ్యా అని అడుగుతుంటే మాత్రం గొంతు పెంచి చెప్పాడు. "టైర్లు కొత్తవేనండీ. మోటారు విడిగా తెమ్మంటే బావ వినలేదు, పడవలోనే పెట్టి తెచ్చాడు. అంత బరువుకి ఏ టైరు ఆగుతుంది?" మోటారు విడిగా తెమ్మని వాడు ఎప్పుడూ అనలేదు. అక్క వాడి మొహంలోకి చూసింది. వాడు ఆమె వైపు తిరగలేదు.

మేస్త్రి తలొంచుకుని, నిజమే, మోటారు విడిగా తేవాల్సింది అన్నాడు. బరువు లెక్క మూడుసార్లు కట్టి చూసుకున్న మనిషి, మిగులు ఉంచుకుని మరీ కొన్న మనిషి, తన లెక్కే తప్పయి ఉంటుందని ఒప్పేసుకున్నాడు. పగిలిన టైరు ముక్కలు తమ్ముడే ఏరి క్రేనులో పడేశాడు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయంటే, ఆయన తిట్టి ఉంటే బాగుండునని ఆమె అనుకునేలా గడిచాయి. యార్డు ఓనరు కాళ్లావేళ్లా పడితే పనైతే ఇచ్చాడు గానీ మేస్త్రిగా కాదు. తను పని నేర్పినవాడి కింద చెక్కలు కోసే పని. ఆయన నోరెత్తకుండా వెళ్లి కోసుకొచ్చేవాడు. పుట్టింటి సరుకు మాట ఇంట్లో మళ్లీ వినపడలేదు. పైగా, ఇన్నేళ్లు వాణ్ణి తక్కువ చేసి మాట్లాడాను, కష్టంలో అందరికంటే ముందొచ్చాడు అనేవాడు. ఒకరోజు తమ్ముణ్ణి భోజనానికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పాడవకుండా మిగిలిన పడవ మోటారు వాడికే ఇచ్చేశాడు, అమ్ముకుని దుకాణంలో పెట్టుకోరా అన్నాడు. వాడు వద్దు బావా అని ఒకసారి అన్నాడు. రెండోసారి అనలేదు. చెయ్యి కడుక్కుని మోటారు ఆటోలోకెక్కించుకున్నాడు.

అది చూశాక ఆమె ఇక ఆగలేకపోయింది. తమ్ముడి మీదా, తన మీదా, ఎవరి మీదో చెప్పలేని మంట. ఆటో సందు మలుపు తిరగకముందే మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది. అన్నీ చెప్పేసింది. నాలుగంకెలు, ఎనిమిదేళ్లు, లోపలి పక్క పగుళ్లు, దుకాణంలో మాటలు, మారుస్తానన్న మాట, మార్చకపోవడం. మీ లెక్క తప్పు కాదండీ, బరువూ తప్పు కాదు, టైర్లు చచ్చినవి అంది. చెప్తూ ఏడ్చింది. ఇక ఆయన లేచి తమ్ముడి దుకాణం మీదికి వెళ్తాడని, వాణ్ణి బజారుకీడుస్తాడని అనుకుంది. వెళ్తే బాగుండునని కూడా అనుకుంది.

మేస్త్రి కదల్లేదు. అరుగు మీద కూర్చునే అడిగాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"చక్రాలకి కవర్లు కుట్టేటప్పుడు."

"అంటే టీ కొట్టు దగ్గర తెలుసు."

"తెలుసు."

"నేనతనికి పడవ గురించి చెప్తుంటే నువ్వు పక్కనే నిలబడి టీ తాగావు."

ఆమె తల ఊపింది.

"వాడు అమ్ముకునేవాడు. వాడికి నేనెవర్ని," అన్నాడు ఆయన. ఇంకేదో అంటాడని ఆమె చూసింది. ఆయన లేచి, చెప్పులేసుకుని, పనికెళ్లిపోయాడు.

తమ్ముణ్ణి ఆయన ఒక్క మాటా అనలేదు. మోటారు కూడా వెనక్కి అడగలేదు. ఆమెనీ ఏమీ అనలేదు. పెట్టింది తింటాడు, జీతం తెచ్చి బల్ల మీద పెడతాడు. యార్డుకి కావలసిన కవర్లు ఇప్పటికీ ఆమే కుడుతుంది. అవి పడవలకి కట్టే పని ఆయనకే అప్పజెప్పారు. ఇన్నేళ్లలో ఎన్నడూ చూడనివాడు, ఇప్పుడు ఆమె ఏ కవరు తెచ్చిచ్చినా కట్టేముందు నేల మీద పరుస్తాడు. అందరి ముందూ మోకాళ్ల మీద కూర్చుని, కుట్టు పొడుగునా వేలు పెట్టి జానెడు జానెడుకీ లాగి చూస్తాడు. ఆమె పక్కన నిలబడి ఉంటుంది. కుట్టు ఎక్కడా వదలదు. ఆయన తిరగేసి, లోపలివైపు కూడా లాగి చూస్తాడు.